జోలె పట్టిన చేతితో తంబురా పట్టిన ఘంటసాల

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా ఒక వ్యాసం రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేసేనాటికి నేను ఎం.ఎ. సంగీతం ఆఖరి సంవత్సరం కచేరీ పరీక్షకు తయారవుతున్నాను. ఇది మిగతా పరీక్షల్లాంటిది కాదు. దీనికి ప్రశ్నపత్రం ఉండదు, అదనపు కాగితాలు ఉండవు. వేదిక మీద ఒక్కడే కూర్చుని గంటసేపు పాడాలి. పక్కన వయొలిన్, మృదంగం ఉంటాయి గానీ గొంతు తడబడితే కప్పిపుచ్చడానికి రెండో గొంతు ఉండదు. ఎదురుగా పరీక్షకులు, వెనక వరసల్లో తోటి విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు కూర్చుంటారు.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. మా నాయనమ్మకు కచేరీ అంటే తాలూకా కచేరీయే తెలుసు. నాకు కచేరీ పరీక్ష ఉందని చెబితే, ఏ కాగితం మీద సంతకం కావాలిరా అని అడిగింది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన నాకు రాత్రిళ్ళు నిద్రపట్టని మాట నిజం. ఆ రోజుల్లో నాకు ధైర్యం ఇచ్చింది మన ప్రాంతంలోనే పుట్టిన ఒక మనిషి జీవితం. ఆయన పాటలు మీరందరూ వినే ఉంటారు. కానీ ఆయన పాట నేర్చుకున్న తీరు మనలో చాలామందికి తెలియదు. ఆయనే ఘంటసాల వెంకటేశ్వరరావు గారు.

చౌటపల్లి పిల్లవాడు

ముందుగా ఒక పొరపాటు సరిచేద్దాం. మన మొవ్వ పక్కనే ఘంటసాల అనే ఊరు ఉంది కనుక ఆయన అక్కడే పుట్టారని మన హాస్టల్లో చాలామంది అనుకుంటారు. నేనూ తొమ్మిదో తరగతి దాకా అలాగే అనుకున్నాను. ఘంటసాల ఆయన ఇంటిపేరు. ఆయన పుట్టిన ఊరు గుడివాడ దగ్గర గుడ్లవల్లేరు మండలంలోని చౌటపల్లి. పుట్టిన తేదీ 1922 డిసెంబరు 4. తండ్రి సూరయ్య గారు, తల్లి రత్తమ్మ గారు.

సూరయ్య గారు తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. తరంగాలంటే కూచిపూడి చుట్టుపక్కల పెరిగిన మనకు వేరే చెప్పనక్కరలేదు. నారాయణతీర్థులవారి శ్రీకృష్ణలీలా తరంగిణిలోని పాటలు అవి. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి మన కూచిపూడి కళాకారులు ఆడేది ఆ తరంగాలకే. సూరయ్య గారు భజనలకు వెళ్ళేటప్పుడు కొడుకును భుజాన ఎక్కించుకొని తీసుకువెళ్ళేవారు. తండ్రి పాడుతుంటే పిల్లవాడు నాట్యం చేసేవాడు. చూసినవాళ్ళు ముచ్చటపడి బాలభరతుడు అని పిలిచేవారు. అంటే ఆయన మొదట ఎక్కింది గాయకుల వేదిక కాదు, భజన గోష్ఠిలో తండ్రి పక్కన ఉన్న నాలుగడుగుల చోటు.

ఆ చోటు ఎంతోకాలం నిలవలేదు. ఘంటసాలకు పదకొండేళ్ళ వయసులో సూరయ్య గారు కన్నుమూశారు. చనిపోయే ముందు కొడుకుకు సంగీతం గొప్పతనం చెప్పి, పెద్ద విద్వాంసుడివి కావాలని కోరారు. కుటుంబ భారం మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య గారి మీద పడింది. ఇంట్లో అన్నానికి లోటు లేకుండా చూడడానికే ఆయన కష్టపడాలి. ఇంక సంగీతం చెప్పించే స్తోమత ఎక్కడిది? తండ్రికి ఇచ్చిన మాట పిల్లవాడి మెడలో తాడులా ఉండిపోయింది.

నవ్వులపాలైన రోజు

మన పుస్తకాల్లో గొప్పవాళ్ళ జీవితాలు చదివితే వాళ్ళు చిన్నప్పటి నుంచే అన్నీ గెలిచినట్టు ఉంటుంది. ఘంటసాల గారి జీవితం అలా మొదలుకాలేదు. చుట్టుపక్కల ఒక ఊళ్ళో సంగీత కచేరీ జరుగుతుంటే, చదువుకున్న విద్వాంసులతో పందెం వేసి పోటీకి దిగారు. ఓడిపోయారు. ఊరంతా నవ్వింది.

ఎందుకు ఓడిపోయారో సంగీతం చదువుతున్నవాడిగా నాకు ఇప్పుడు అర్థమవుతోంది. గొంతు బాగుండడం వేరు, కచేరీ చేయడం వేరు. విన్న పాటను విన్నట్టు పాడడానికి మంచి చెవి, మంచి గొంతు చాలు. కచేరీలో అంతకు మించి కావాలి. రాగాన్ని మాటలు లేకుండా మెల్లగా విప్పాలి. కృతిలో ఒక పాదాన్ని తీసుకొని తాళం తప్పకుండా దాన్ని పదిరకాలుగా పాడాలి. అప్పటికప్పుడు స్వరాలు అల్లి, పాట ఎక్కడ ఎత్తుకున్నామో సరిగ్గా అక్కడికే వచ్చి చేరాలి. ఒక్క అక్షరం ముందైనా, ఒక్క అక్షరం వెనకైనా మృదంగం వాయించేవారికి వెంటనే తెలిసిపోతుంది. నారు పోయకుండా నాట్లకు దిగినట్టు ఆ పిల్లవాడు పోటీకి దిగాడు. పొలం సిద్ధంగా ఉంది, నీళ్ళు ఉన్నాయి, చేతిలో మాత్రం నారు లేదు.

ఆ నవ్వులు ఆయన మనసులో నాటుకున్నాయి. ఎలాగైనా నేర్చుకుని తీరాలని కొందరు సంగీతం తెలిసినవాళ్ళ ఇళ్ళలో చేరారు. ఒక ఏడాది బట్టలు ఉతికారు. ఇంకో ఏడాది వంట చేశారు. సంగీతం మాత్రం దక్కలేదు. రెండేళ్ళ చాకిరీ తరువాత తన దారి ఇది కాదని తెలుసుకున్నారు. వేలికి ఉన్న ఉంగరం నలభై రూపాయల ఖరీదు చేసేది. దాన్ని ఎనిమిది రూపాయలకు అమ్మేసి, ఆ డబ్బుతో విజయనగరం బయలుదేరారు. మన కృష్ణా జిల్లా నుంచి విజయనగరం మూడు వందల యాభై కిలోమీటర్లకు పైమాటే. అక్కడ ఆయనకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

విజయనగరంలో ఆకలి

విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతి మహారాజు 1919లో సంగీత కళాశాల పెట్టారు. దానికి మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయన తరువాత 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ బాధ్యత తీసుకున్నారు. పాడేవారి పక్కన సాయంగా ఉండే వయొలిన్‌ను తీసుకువచ్చి, వేదిక మధ్యలో కూర్చోబెట్టి, ఒక్క వయొలిన్‌తోనే కచేరీ నిలబెట్టవచ్చని చూపిన మహానుభావుడు ద్వారం వారు. సంగీతం నేర్వాలనుకున్న తెలుగు పిల్లలందరికీ ఆ రోజుల్లో ఆ కళాశాలే కాశీ.

ఘంటసాల వెళ్ళేసరికి వేసవి సెలవులు. తలుపులు మూసి ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారిని బతిమాలుకుంటే ఆవరణలో ఉండడానికి ఒప్పుకున్నారు. వారాలు చెప్పుకొని, రోజుకొక ఇంట్లో భోజనం చేస్తూ కళాశాల తెరిచే రోజు కోసం ఎదురుచూశారు. ఇంతలో తోటి కుర్రవాళ్ళు చేసిన తప్పు ఒకటి ఆయన నెత్తిన పడింది. ఆవరణ విడిచిపొమ్మన్నారు. ఆ సంగతి ఊళ్ళో తెలిసి, వారాలు పెట్టే ఇళ్ళవాళ్ళు కూడా తమ గుమ్మం తొక్కవద్దన్నారు. ఉండడానికి చోటు పోయింది, తినడానికి తిండి పోయింది. ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నారు.

ఆ గుడి దగ్గరే ఆయనకు గురువు దొరికారు. కళాశాలలో గాత్రం చెప్పే పట్రాయని సీతారామశాస్త్రి గారు ఈ కుర్రవాణ్ణి చూసి, సంగతి తెలుసుకుని, తమ ఇంటికి రమ్మన్నారు. ఒక్క రూపాయి పుచ్చుకోకుండా పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. శాస్త్రి గారు కూడా పేదవారే. చదువు పెట్టగలిగారు గానీ అన్నం పెట్టలేకపోయారు. అప్పుడు ఒక సాధువు ఆయనకు జోలె కట్టి మాధుకరం చేయడం నేర్పారు. మాధుకరం అంటే ఇంటింటికీ తిరిగి అన్నం అడిగి తెచ్చుకోవడం.

మొదటి రోజు ఆ జోలె భుజాన వేసుకొని వీధిలోకి అడుగుపెట్టినప్పుడు ఆయనకు ఎలా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. ఆ జోలెలో మొదటి భిక్ష వేసిన తల్లి సరిదె లక్ష్మీనరసమ్మ గారు అని చెబుతారు. ఆవిడ విజయనగరంలో పేరుమోసిన నర్తకి. కళావర్ రింగ్ అంటే ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. నాట్యం చూడడానికి ఎగబడి, చూసిన తరువాత చిన్నచూపు చూసే లోకంలో బతికిన కళాకారిణి ఆవిడ. వారాలు పెట్టే ఇళ్ళవాళ్ళు పొమ్మన్న పిల్లవాడికి అలాంటి తల్లి చేతి అన్నం దొరికింది. ఈ ఒక్క సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి.

తెచ్చుకున్న అన్నం రెండు పూటలకు సరిపెట్టుకోవాలి. పొద్దున మిగిలింది గుడ్డలో మూటకట్టి పెడితే సాయంత్రానికి చీమలు పట్టేవి. మేనమామకు ఉత్తరం రాసి ఒక చిన్న డబ్బా తెప్పించుకున్నారు. ఆ డబ్బాలో అన్నం దాచుకొని, దాని పక్కనే కూర్చుని సాధన చేసుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు మన హాస్టల్లో మంచం కింద పెట్టుకున్న రేకు పెట్టె గుర్తుకువచ్చింది. ఇంటి నుంచి అమ్మ పంపిన జంతికలకు చీమలు పట్టకుండా పెట్టెను ఇటుకల మీద ఎక్కించిన రోజులు గుర్తుకువచ్చాయి.

దాచకుండా చెప్పవలసిన మాట

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. లేకపోతే ఈ కథ సగమే చెప్పినట్టు అవుతుంది. వారాలు చెప్పుకొని చదువుకోవడం, మాధుకరం చేసుకోవడం ఆ రోజుల్లో బ్రాహ్మణ పిల్లలకు ఉన్న వీలు. ఘంటసాల గారు ఆ కులంలో పుట్టారు. ఎంత పేదవాడైనా ఆ గుమ్మాల దాకా వెళ్ళగలిగారు. గుడిలో పడుకోగలిగారు. అదే కాలంలో అదే వయసు ఉన్న మన తాతలు ఎంత గొంతు ఉన్నా ఆ వీధిలోకి వెళ్ళలేరు. మద్రాసు రాష్ట్రంలో గుళ్ళలోకి అందరినీ రానివ్వాలనే చట్టం వచ్చింది 1947లో. అంతవరకు మనవాళ్ళ పాట పల్లెలోనే, పొలంలోనే ఉండిపోయింది. మా తాత డప్పు వాయిస్తే పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి వినేవారట. ఆయనకు సంగీత కళాశాల అనేది ఒకటి ఉంటుందని కూడా తెలియదు.

ఇది ఘంటసాల గారిని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఆయన పడిన ఆకలి నిజం. ఆకలికి కులం లేదు. కానీ ఆకలి తీర్చే గుమ్మాలకు కులం ఉండేది. ఆ తేడా తెలిస్తేనే మన హాస్టల్ విలువ మనకు తెలుస్తుంది. ఆయన రోజుకొక గుమ్మం ముందు నిలబడి తెచ్చుకున్న అన్నం మనకు గంట కొట్టగానే వరసలో దొరుకుతోంది. ఒకరి తప్పుకు ఇంకొకరికి అన్నం మానేసే రోజు మనకు లేదు. ఎవరి దయ మీదా ఆధారపడనవసరం లేదు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం మన చదువును ప్రభుత్వ బాధ్యత చేసింది. మనం తినేది భిక్ష కాదు, హక్కు. పప్పు నీళ్ళగా ఉందని మనం గొడవ చేసిన రోజులు ఉన్నాయి. అలా గొడవ చేయగలగడం కూడా హక్కు ఉండబట్టే.

నాలుగేళ్ళ చదువు రెండేళ్ళలో

కళాశాల తెరిచాక ఘంటసాల విద్యార్థిగా చేరారు. నాలుగేళ్ళ కోర్సును రెండేళ్ళలో ముగించారు. ఈ మాట ఒక్క వాక్యంలో చదివి వదిలేస్తాం. నేను కూడా చదువులో చేరేదాకా అలాగే వదిలేశాను. దాని బరువు ఎంతో కొంచెం చెబుతాను.

సంగీతంలో మొదట సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు వస్తాయి. వీటిలో సాహిత్యం ఉండదు, ఏడు స్వరాలే. ఒక్కొక్క దాన్ని మూడు కాలాల్లో పాడాలి. అంటే చేతితో వేసే తాళం మారకూడదు, గొంతు మాత్రం ఒకసారి ఒకటి, ఒకసారి రెండు, ఒకసారి నాలుగు స్వరాలు పలకాలి. తరువాత గీతాలు, స్వరజతులు, వర్ణాలు, ఆ తరువాత కృతులు. వీటన్నిటి కింద నేలలా ఉండేది శ్రుతి. తంబురా మోగుతుంటే గొంతు దానిలో కలిసిపోవాలి. తంబురా వినిపించడం మానేసిందా అనిపించేటంత కలవాలి. నాకు మొదటి ఆరు నెలలు షడ్జం ఒక్కటే నిలబెట్టడానికి పట్టింది. హాస్టల్ గదిలో పాడితే పక్కవాళ్ళ చదువుకు ఇబ్బంది కనుక తెల్లవారకముందే డాబా మీదకు వెళ్ళేవాణ్ణి. చలికాలంలో గొంతు పట్టేసేది. పాఠం మానేయాలనిపించిన రోజులు చాలా ఉన్నాయి. అలాంటి పాఠాన్ని సగం కాలంలో, సగం కడుపుతో పూర్తి చేయాలంటే రోజులో ఎన్ని గంటలు సాధన చేసి ఉండాలి!

సీతారామశాస్త్రి గారి పద్ధతిలో ఇంకొక విశేషం ఉంది. రాగం, తాళం ఎంత ముఖ్యమో పాటలోని మాటకు అర్థం, భావం అంత ముఖ్యమని ఆయన నమ్మేవారు. ఘంటసాల గారి పాటలో ప్రతి అక్షరం విడిగా, నిండుగా వినబడడానికి బీజం అక్కడే పడింది. వాళ్ళ గురుశిష్య బంధం అక్కడితో ఆగలేదు. శాస్త్రి గారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారు తరువాత మద్రాసులో ఘంటసాల గారికి ఏళ్ళ తరబడి సంగీతంలో కుడిభుజంగా ఉన్నారు. ఆ సంగీతరావు గారే వెంపటి చినసత్యం గారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం సమకూర్చారు. నూరేళ్ళు దాటి బతికి 2021లో కన్నుమూశారు. మన కూచిపూడిలో చిన్నపిల్లలు కూడా అడుగులు వేసే ఆ నృత్యనాటకాల పాటల వెనక, అన్నం పెట్టలేకపోయినా చదువు పెట్టిన ఆ గురువు ఇల్లు ఉంది.

తన పెళ్ళికి తానే కచేరీ

చదువు పూర్తయ్యాక ఘంటసాల విజయనగరంలోనే కచేరీలు చేసి పేరు తెచ్చుకున్నారు. తరువాత చౌటపల్లికి తిరిగి వచ్చారు. ఉత్సవాల్లో, పెళ్ళిళ్ళలో పాడుతూ, పిల్లలకు సంగీతం చెబుతూ కాలం గడిపారు. ఒకప్పుడు నవ్విన చుట్టుపక్కల ఊళ్ళలోనే ఇప్పుడు వేదిక మధ్యలో కూర్చుని పాడారు. ఆ మధ్యలో 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. బళ్ళారి దగ్గర అలీపూర్ జైల్లో ఉన్నారు.

విడుదలై వచ్చాక 1944 మార్చి 4న సావిత్రి గారితో ఆయన పెళ్ళి జరిగింది. పెళ్ళికి కచేరీ పెట్టించడం అప్పటి ఆచారం. ఆ సాయంత్రం ఎవరు వచ్చి పాడతారా అని చూస్తున్న చుట్టాలకు పెళ్ళికొడుకే వేదిక ఎక్కి కూర్చోవడం కనిపించింది. తన పెళ్ళికి తానే కచేరీ చేశారు. డబ్బు లేక చేశారో, ముచ్చటకు చేశారో గానీ, ఒక్కడే కూర్చుని సభను నిలబెట్టగలననే నమ్మకం లేనివాడు ఆ పని చేయలేడు. పందెంలో ఓడిన పిల్లవాడు ఎంత దూరం వచ్చాడో ఆ ఒక్క సాయంత్రం చెబుతుంది.

ఆ తరువాత కొద్దిరోజులకే సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్య గారు ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు. మద్రాసులోనూ మొదట కష్టాలే. సముద్రాల వారి ఇల్లు ఇరుకు. వాళ్ళకు బరువు కాకూడదని పానగల్ పార్కు వాచ్‌మన్‌కు నెలకు రెండు రూపాయలు ఇచ్చి అక్కడే పడుకున్నారు. రేడియోలో పాడారు. ఆ పాటలు విన్న బి.ఎన్. రెడ్డి గారు 1945లో వచ్చిన స్వర్గసీమలో నేపథ్యగానానికి అవకాశం ఇచ్చారు. అక్కడి నుంచి వెనుదిరిగి చూడలేదు. మన నిమ్మకూరు వాడైన ఎన్.టి. రామారావు గారు మొదటిసారి తెర మీద కనిపించిన మనదేశం 1949లో వస్తే, దానికి సంగీతం ఘంటసాల గారిదే. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ ఆయన సంగీతంతోనే వచ్చాయి.

సినిమాల్లోకి వెళ్ళినా ఆయన విజయనగరం చదువును వదులుకోలేదు. మన ఊళ్ళలో నాటకాలవాళ్ళు పద్యం పాడితే రాగం తీస్తూ తీస్తూ మాట ఎక్కడుందో మరచిపోయేవాళ్ళం. ఘంటసాల గారు ఆ సాగదీత తగ్గించి, రాగం ఛాయ చూపించి, పద్యంలోని మాటను ముందుకు తెచ్చారు. చదువురానివాడికి కూడా పద్యం అర్థమయ్యేలా పాడారు. మా నాన్నకు అక్షరం రాదు గానీ ఆయన పద్యాలు పది దాకా నోటికి వచ్చు. 1961లో వచ్చిన జగదేకవీరుని కథలో దర్బారీ కానడ రాగంలో ఆయన పాడిన పాట మూడు స్థాయుల్లో తిరుగుతుంది. అది సినిమా పాట రూపంలో ఉన్న చిన్న కచేరీయే. 1959లో వచ్చిన జయభేరిలో ఆయన గొంతు ఇచ్చింది ఒక విద్వాంసుడి పాత్రకు. ఆ విద్వాంసుడు భాగోతులవాళ్ళతో కలిసి, వాళ్ళ అమ్మాయిని పెళ్ళాడి, కులం నుంచి వెలిపడతాడు. ఆ పాటలు పాడేటప్పుడు విజయనగరంలో తనను గుమ్మం తొక్కవద్దన్న రోజు ఆయనకు గుర్తుకువచ్చిందేమో!

అన్నిట్లోనూ ఆయన గెలవలేదు. సొంతంగా తీసిన పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ సినిమాలు డబ్బు తెచ్చిపెట్టలేదు. గొంతు మాత్రం ఆయన్ను ఎప్పుడూ మోసం చేయలేదు. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో ఐరోపా, అమెరికా దేశాలు తిరిగి తెలుగువాళ్ళ ముందు పాడారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. ఆఖరి రోజుల్లో భగవద్గీత శ్లోకాలను తాత్పర్యంతో సహా పాడి రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న, యాభై రెండో ఏట మద్రాసులో కన్నుమూశారు. గీత రికార్డు ఆయన పోయాకే జనం చేతికి వచ్చింది. 2003లో తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఒకనాడు కళాశాల ఆవరణ నుంచి పొమ్మనిపించుకున్న కుర్రవాడి పేరు ఒక కళాశాల గుమ్మం మీద ఉంది.

నా పరీక్ష గురించి ఒక్క మాట

ఇంత పెద్దవారి కథ చెప్పి చివర నా సంగతి చెప్పడం బాగుండదేమో. కానీ మీతో కాకపోతే ఇంకెవరితో చెప్పుకుంటాను?

విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి ఏడాది నేను ఎక్కడ చదివానని ఎవరైనా అడిగితే ఊరి పేరు చెప్పి ఊరుకునేవాణ్ణి. సాంఘిక సంక్షేమ హాస్టల్ అని చెప్పేవాణ్ణి కాదు. నా తోటివాళ్ళలో చాలామంది తాతముత్తాతల నుంచి సంగీతం ఉన్న ఇళ్ళవాళ్ళు. వాళ్ళు నాలుగేళ్ళ వయసులో మొదలుపెట్టింది నేను పద్దెనిమిదో ఏట మొదలుపెట్టాను. ఆ సిగ్గు గొంతులోకి వచ్చేది. పై స్థాయికి వెళ్ళాల్సిన చోట గొంతు బిగుసుకుపోయేది. సిగ్గుపడే గొంతు తెరుచుకోదని మా గురువుగారు కనిపెట్టి చెప్పారు.

ఘంటసాల గారు పేరు వచ్చాక జోలె సంగతి దాచుకోలేదు. దాచుకుని ఉంటే ఆ డబ్బా కథ, ఆ గుడి కథ, ఆ తల్లి కథ మన దాకా వచ్చేవే కావు. వేదిక మీద ఒక్కడే కూర్చుంటాడు గానీ, ఆ ఒక్కడి వెనక అన్నం పెట్టినవాళ్ళు, పాఠం చెప్పినవాళ్ళు, ఉంగరం ఇచ్చిన ఇల్లు అందరూ ఉంటారు. ఒంటరి కచేరీ అన్నది పేరుకే. నేను ఆయన జీవితంలో నేర్చుకున్నది ఇదే.

కచేరీ పరీక్షకు ముందు ఒక కాగితం నింపి ఇవ్వాలి. పాడబోయే వర్ణం, కృతులు, వాటి రాగాలు, తాళాలు, రచించినవారి పేర్లు రాయాలి. కింద మన పరిచయం నాలుగు వాక్యాల్లో రాయాలి. పరీక్ష మొదలయ్యే ముందు దాన్ని సభలో చదువుతారు. నేను ఒక వర్ణం, నాలుగు కృతులు, చివర ఒక తరంగం రాశాను. తరంగం ఎందుకంటే అది సూరయ్య గారు భుజం మీద కొడుకును ఎక్కించుకొని పాడిన పాట, మన కూచిపూడి వీధుల్లో నేను కిటికీ బయట నిలబడి విన్న పాట. పరిచయంలో మా అమ్మానాన్నల పేర్లు, గురువుగారి పేరు రాసి, ఐదో తరగతి నుంచి పది దాకా నాకు అన్నం పెట్టి చదివించిన సాంఘిక సంక్షేమ హాస్టల్ అని మన హాస్టల్ పేరు రాశాను. రాసేటప్పుడు చేయి వణికింది. కొట్టివేయలేదు.

అమ్మ, నాన్న, నాయనమ్మ ముగ్గురూ వస్తామన్నారు. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ఆ పరీక్ష అయిపోయి ఉంటుంది. మార్కులు ఎన్ని వస్తాయో నాకు తెలియదు. మన హాస్టల్ పేరు మాత్రం ఆ సభలో మైకులో చదివి ఉంటారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలో పాడేవాళ్ళు ఉంటే పాడండి. స్నానాల గది దగ్గర పాడేవాళ్ళు, జెండా వందనం రోజు పాడేవాళ్ళు, ఎవరూ లేనప్పుడు పాడుకునేవాళ్ళు మన హాస్టల్లో ఎప్పుడూ ఉన్నారు. గొంతు ఒక్కటే చాలదని ఘంటసాల గారి ఓటమి చెబుతుంది. నేర్చుకుంటే ఏదైనా వస్తుందని ఆయన గెలుపు చెబుతుంది. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. వేలికి అమ్ముకోవడానికి ఉంగరం లేకపోయినా పరవాలేదు. ఆయనకు లేని అన్నం గంట మనకు ఉంది. తినండి, చదవండి, సాధన చేయండి.

– ఒక పూర్వ విద్యార్థి,
ఎం.ఎ. సంగీతం, ఆఖరి సంవత్సరం